ఏ1 పరారీ... ఏ4 హాజరీ!

గంజాయి కేసు ఎఫ్‌ఐఆర్ ఎప్పుడైనా చదివారా? ఒకటి చదివితే చాలు, మిగతావన్నీ చదివినట్టే. తెల్లవారుజామున నమ్మదగిన సమాచారం వస్తుంది. చెక్‌పోస్టు దగ్గర బండి ఆపుతారు. అందులోవాళ్లు పారిపోబోతారు. మనవాళ్లు చాకచక్యంగా పట్టుకుంటారు. చివర్లో ఒక ముక్క: ఏ1 పరారీలో ఉన్నాడు.

ఎప్పుడూ ఏ1నే! మూట మోసిన గిరిజనుడు ఏ3. బండి నడిపినవాడు ఏ4. వీళ్లు మాత్రం ఠంచనుగా దొరుకుతారు. పెట్టుబడి పెట్టినవాడికి ఇంటిపేరుండదు, ఊరుండదు. అయినా అందరూ కలిసి కుట్ర పన్నారట. కిరాయికొచ్చిన డ్రైవరు ఎవరితో పన్నాడండీ కుట్ర, స్టీరింగుతోనా?

నవ్వులాట కాదిది. ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 29 కింద కుట్రదారుకూ అసలు నేరస్తుడికీ ఒకటే శిక్ష. గంజాయి 20 కిలోలు దాటిందా, పదేళ్లకు తగ్గదు. ఇరవై ఏళ్ల దాకా పోవచ్చు. పైన లక్షకు తగ్గని జరిమానా. 21 కిలోలైనా, 2 లారీలైనా కనీస శిక్ష అదే. జడ్జిగారికి జాలి కలిగినా పదేళ్ల కిందికి దిగడానికి చట్టంలో మెట్టు లేదు.

కాబట్టి కథంతా కాటా దగ్గరే. చట్టం చెప్పే గంజాయి అంటే పూత, కాయ పట్టిన కొసలు. కొసల్లేని ఆకులు, గింజలు లెక్కలోకి రావు. మరి తూకం? కాడ, ఆకు, గింజ, తడి, ప్లాస్టిక్ కవరు, దాని చుట్టూ తిప్పిన బ్రౌన్ టేపు... అన్నీ కలిపి కాటా మీద పడేస్తారు. 22 కిలోలు! శభాష్! పది ప్యాకెట్లూ ఒకచోట కుమ్మరించి ఒక్క శాంపిల్ తీస్తారు. మధ్యవర్తుల సంతకాలు పడతాయి. విలేకరుల సమావేశంలో మూటలు ముందు, ముసుగులు వెనక, అధికారులు మధ్యలో. ఫొటో బాగా వస్తుంది. కేసు ఎలా వస్తుందన్నది వాళ్ల బెంగ కాదు.

ఆ బెంగ అప్పీలులో మొదలవుతుంది. అప్పటికి ఏ4 ఎక్కడున్నాడు? విశాఖ అడవివరం సెంట్రల్ జైల్లో. అప్పీలు ఎక్కడుంది? అమరావతి హైకోర్టులో, కట్టల కింద. శిక్ష నిలిపేయమని అడగొచ్చు కదా అంటారా? సెక్షన్ 32ఎ అసలు కుదరదు పొమ్మంది. 2000లో సుప్రీంకోర్టు కాస్త తలుపు తెరిచింది గానీ, గడపలో సెక్షన్ 37ను కూర్చోబెట్టింది. అంటే, ఇతను నిర్దోషి అని నమ్మడానికి తగిన కారణాలు కనిపించాలి. బయటికెళ్తే మళ్లీ ఏ నేరమూ చేయడని కూడా నమ్మకం కుదరాలి. కింది కోర్టు దోషి అని తేల్చాకే కదా బాబూ అప్పీలుకొచ్చింది! అప్పీలు విచారణకు ముందే నిర్దోషిలా కనబడాలంటే ఏం చేయాలి, విభూతి పెట్టుకోవాలా?

పోనీ, విచారణకొచ్చింది. ఏ సంవత్సరం వచ్చిందన్నదే ఇక జాతకం. ఫిర్యాదు చేసిన అధికారే దర్యాప్తు చేస్తే కేసు చెల్లదని 2018లో తీర్పు. అంతమాత్రాన చెల్లకుండా పోదని 2020లో ఐదుగురు జడ్జీల తీర్పు. మేజిస్ట్రేటు ఎదుట శాంపిల్ తీయలేదని 2023లో ఒక పంజాబ్ కేసులో శిక్ష రద్దు. ఆ లోపం ఒక్కటే అయితే కేసు పోదని 2025లో మరో మాట. అధికారుల ముందు ఇచ్చిన వాంగ్మూలాన్ని నేరాంగీకారంగా వాడుకోకూడదని 2020 అక్టోబరులో తేలింది. చట్టం పుట్టిందేమో 1985లో! ఈ ముప్పై అయిదేళ్లలో ఆ కాగితాలను నమ్మి లోపల కూర్చోబెట్టినవాళ్ల సంగతేంటి? సారీ అని కార్డు రాశారా?

ఒక్కటి ఒప్పుకుందాం. అప్పీలులో బయటపడ్డవాళ్లంతా అమాయకులేం కాదు. నిజంగా మోసినవాడూ వస్తాడు, ఏమీ తెలియనివాడూ వస్తాడు. ఇద్దరినీ విడిపించింది న్యాయం కాదు, సరిగ్గా పడని సీలు. ఎవడు దొంగో, ఎవడు కాదో తేలకుండానే ఫైలు మూతపడుతుంది. ఇంతకన్నా దిక్కుమాలిన దర్యాప్తు ఉంటుందా?

పెద్ద చేపల సంగతి చూద్దాం. దందాకు డబ్బు పెట్టేవాళ్లను శిక్షించేది సెక్షన్ 27ఎ. 2014 సవరణలో ఢిల్లీ పెద్దలు నిర్వచనాల నంబర్లు మార్చారు. 27ఎలో మార్చడం మరిచారు. దాంతో ఏడేళ్లపాటు ఆ సెక్షన్ వేలు సంబంధం లేని నిర్వచనం వైపు చూపించింది. ఒక నిందితుడు త్రిపురలో ఇదే పట్టుకుని కోర్టుకెక్కితే తప్ప కేంద్రానికి మెలకువ రాలేదు. 2021 సెప్టెంబరు 30న ఆర్డినెన్స్ తెచ్చి, 2014 నుంచే అమల్లో ఉన్నట్టు అనుకోండన్నారు. అదే నెలలో ముంద్రా రేవులో దాదాపు 3 వేల కిలోల హెరాయిన్ దొరికింది. టాల్కం రాళ్ల పేరుతో దాన్ని తెప్పించిన కంపెనీ చిరునామా మన విజయవాడలోనే!

ఏలినవారు పొరపాటు చేస్తే ఏడేళ్లు వెనక్కి దిద్దుకోవచ్చు. ఏ4కు ఏడు నిమిషాలైనా వెనక్కొస్తాయా?

ఇక సాక్ష్యాల భద్రత. 2022లో మథుర పోలీసులు కోర్టుకు విన్నవించుకున్నారు: స్టేషన్లలో దాచిన 581 కిలోల గంజాయి ఎలుకలు తినేశాయట. వాటి మీద సెక్షన్ 29 ఎందుకు పెట్టలేదో! కుట్ర లేకుండా 581 కిలోలు లాగించడం ఏ ఎలుకల తరం?

చట్టం మరీ ఏకపక్షం అనుకునేరు. అబ్బే! కారణం లేకుండా సోదా చేసి, వేధించడానికి మనిషిని పట్టుకున్న అధికారికీ శిక్ష ఉంది, సెక్షన్ 58లో. మహా అయితే ఆరు నెలల జైలు, లేదా వెయ్యి రూపాయల జరిమానా, లేదా రెండూ. ఆ వెయ్యి ఎవరైనా కట్టగా చూశారా మీరు? రసీదు ఉంటే పట్టుకురండి. ఫ్రేము కట్టించే ఖర్చు నాది.