ఏడింటి దాకా టెక్నాలజీ

మాదాపూర్‌లో జరిగే మహిళా టెక్నాలజీ సదస్సుకు మీ కాలేజీ నిన్ను పంపుతోందట. శుభం తల్లీ! కంది, రుద్రారం, ఇస్నాపూర్... ఎక్కడ బస్సెక్కినా ఆధార్ చూపించు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం పుణ్యమా అని జీరో టికెట్. సీటు మాత్రం ఆ పథకంలో లేదు.

బస్సులో నీ పక్కన నిలబడేది ఫార్మా కంపెనీలో మాత్రలు ప్యాక్ చేసే మిషన్ దగ్గరికి షిఫ్టుకు పోయే అక్క. సదస్సులో ఆమె ఊసు ఎత్తకు. ఆమె నడిపేది టెక్నాలజీ కాదు, డ్యూటీ.

హాలంతా గులాబీ రంగు చూసి ఎవరి పెళ్లికో వచ్చానని వెనక్కి తిరగకు. తొలి ప్రసంగం మగ పెద్దమనిషిదే. "మా ఇంట్లో బాస్ మా ఆవిడే" అంటాడు. నవ్వాలి. ఆ తర్వాత ఆత్మవిశ్వాసం మీద గంటన్నర. ఆడవాళ్లకు జీతం తక్కువైనా, ప్రమోషన్ రాకపోయినా లోపం అక్కడే ఉందని తేలుస్తారు.

చరిత్ర కూడా చెబుతారు. 1946లో ఎనియాక్ కంప్యూటర్‌కు ప్రోగ్రాములు రాసింది ఆరుగురు ఆడవాళ్లు. ప్రదర్శన ముగిశాక జరిగిన విందుకు వాళ్లను పిలవలేదు. ఇప్పుడెంత మార్పు! విందుకు ముందు మనల్నే పిలుస్తున్నారు.

ముహూర్తాలు కూడా నేర్చుకో. ఆడవాళ్ల స్టార్టప్‌ల కోసం ప్రభుత్వం పెట్టిన వీ హబ్ మొదలైంది 2018 మార్చి 8న. మన సుల్తాన్‌పూర్‌లో మహిళా పారిశ్రామికవేత్తల పార్కు తెరిచింది 2022 మార్చి 8న. మిగతా 364 రోజులూ మూఢం.

అమెరికాలో 2023 గ్రేస్ హాపర్ మహిళా టెక్నాలజీ సదస్సుకు మగవాళ్లు రెజ్యూమెలు పట్టుకుని ఎగబడ్డారు, అక్కడ ఉద్యోగాల స్టాళ్లున్నాయి మరి. నువ్వు వెళ్లే చోట తోపులాట భయం లేదు. సెల్ఫీ స్టాండ్ దగ్గర కాస్త జాగ్రత్త, అంతే.

అసలు సదస్సు రాత్రి ఏడింటికి మొదలవుతుంది. ఉద్యోగాలిచ్చేవాళ్లు, పెట్టుబడులు పెట్టేవాళ్లు అప్పుడే చేరతారు. దాని పేరు నెట్‌వర్కింగ్. మీ హాస్టల్ గేటు పడేదీ ఏడింటికే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ ఆడవాళ్ల పనికి పొద్దున ఆరు నుంచి రాత్రి ఏడు దాకా గిరి గీసింది. పాశమైలారం ఫ్యాక్టరీ షెడ్ల కోసం రాసిన ఆ గీతను మీ వార్డెనమ్మ కంఠతా పట్టినట్టుంది.

అందుకని నిర్వాహకులకు ఒక అర్జీ పెట్టు. వచ్చే ఏడాది సదస్సు మీ హాస్టల్ మెస్సులోనే జరపమని. ఏడింటికి వార్డెనమ్మ గేటుకు తాళం వేస్తుంది. పెట్టుబడిదారులు, హెచ్ఆర్ పెద్దలు అందరూ లోపలే చిక్కుకుంటారు. తెల్లారేదాకా నెట్‌వర్కింగే నెట్‌వర్కింగు!