పదిహేడో హోల్ బాబాయ్

బే ఏరియాలో తెలుగువాళ్లింట శనివారం రాత్రి భోజనాలకి వెళ్తే ఈయన తగలకుండా ఉండడు. యాభైకి అటూ ఇటూ వయసు. కుడి చెయ్యి కమిలి నల్లబడి ఉంటుంది, ఎడమ చెయ్యి మణికట్టు కింద మాత్రం తెల్లగా ఉంటుంది. అది జబ్బేమీ కాదు, గ్లవ్ ఒక్క చేతికే తొడుగుతాడు. పెరుగన్నం వడ్డించేదాకా ఓపిక పట్టి, అప్పుడు పక్కవాడి మోచెయ్యి పట్టుకుంటాడు. “బావా, ఇవాళ పదిహేడో హోల్లో ఏమైందో తెలుసా?” ఆ మాట చెవిన పడగానే వాళ్లావిడ కాఫీ వంకతో వంటింట్లోకి వెళ్లిపోతుంది. పిల్లలందరికీ ఆయన గోల్ఫ్ బాబాయ్.

ఆయన్ని స్కోరు అడగడం మర్యాద కాదు. అడిగినా గాలి గురించి చెబుతాడు.

మెంబర్‌షిప్పులకి లక్షలు పోసే క్లబ్బుల జోలికి బాబాయ్ పోడు. ఊరి కోర్సులే ఆయనకి ముద్దు. ఫీజు కడితే ఎవరైనా ఆడొచ్చు, పొద్దు వాలాక వెళ్తే ఫీజు ఇంకా తగ్గుతుంది. బ్యాగులో బంతుల పక్కన రేకు కాగితంలో చుట్టిన పులిహోర పొట్లం ఉంటుంది.

ఆయన ప్రాణమంతా శాన్ ఫ్రాన్సిస్కో లింకన్ పార్క్‌లోని ఆ పదిహేడో హోల్ మీదే. మూడు దెబ్బల్లో ముగించాల్సిన పార్ 3 హోలే కానీ దూరం దాదాపు 240 గజాలు. ఎదురుగా సముద్రం, ఆ పక్కన గోల్డెన్ గేట్ వంతెన. అక్కడ నిలబడితే ఎవరికైనా మతి పోతుంది, బాబాయ్‌కి బంతి కూడా పోతుంది. ఎండ రోజున పోతే “వంతెన చూస్తూ కొట్టాను” అంటాడు. మంచు పట్టిన రోజున పోతే “వంతెన కనబడలేదు” అంటాడు. ఖర్చు లేకుండా ఊరు చూపించాలంటే చుట్టాల్ని కూడా అక్కడికే తీసుకెళ్తాడు.

తెనాలి నుంచి వచ్చిన అత్తగారినీ అలాగే తీసుకెళ్లాడు. అక్కడే కథ అడ్డం తిరిగింది. లింకన్ పార్క్ ఒకప్పుడు ఊరి శ్మశానం. దిక్కులేనివాళ్లనీ, వలస వచ్చిన చైనావాళ్లనీ ఎందరినో 19వ శతాబ్దంలో అక్కడ పూడ్చారు. తర్వాత గోల్ఫ్ వచ్చింది, 1924లో పక్కనే లీజియన్ ఆఫ్ ఆనర్ మ్యూజియం తెరిచారు. 1990లలో ఆ మ్యూజియం మరమ్మతులకి తవ్వితే 700కు పైగా కళేబరాలు బయటపడ్డాయి. చైనావాళ్ల అంత్యక్రియల మంటపం ఒకటి ఇప్పటికీ ఆడే గడ్డి బాటల (ఫెయిర్‌వేల) మధ్యనే నిలబడి ఉంది. ఇదంతా బాబాయ్ గొప్పగా చెప్పుకుంటూ పోయాడు. ఆవిడ మారుమాట్లాడలేదు. ఇంటికొచ్చాక మాత్రం గుమ్మంలో అడ్డంగా నిలబడి, “తలమీద నీళ్లు పోసుకునే లోపలికి రండి అల్లుడుగారూ” అంది. గ్యారేజీలో గొట్టంతో తలస్నానం చేసిన గోల్ఫర్ అమెరికాలో బహుశా ఆయనొక్కడే.

అదే ఊళ్లోని హార్డింగ్ పార్క్ కోర్సులో పదహారో హోల్ సంగతి వేరు, అది హోదా కోసం చెప్పేది. 2020 పీజీఏ చాంపియన్‌షిప్ ఆఖరి రోజున కాలిన్ మోరికావా ఆ 294 గజాలూ ఒక్క దెబ్బకి దాటించి, గుంట ఉన్న గ్రీన్ మీదికి బంతి చేర్చి, ఈగిల్ (పార్ కన్నా రెండు దెబ్బలు తక్కువ) కొట్టి గెలిచాడు. కరోనా కాలం కాబట్టి చూడ్డానికి జనం లేరు. “నేను గ్రీన్ అందుకున్నప్పుడూ ఎవరూ లేరు” అంటాడు బాబాయ్ నిట్టూర్చి. 1998లో పక్కనున్న ఒలింపిక్ క్లబ్‌లో యూఎస్ ఓపెన్ జరిగితే ఇదే హార్డింగ్ ఫెయిర్‌వేల మీద కార్లు నిలిపారు. బాబాయ్ బంతులు మాత్రం ఇప్పటికీ కార్లున్న వైపే పోతాయి.

పసిఫికాలో షార్ప్ పార్క్ ఉంది. అగస్టా నేషనల్‌ని రూపొందించినవాళ్లలో ఒకడైన అలిస్టర్ మెకెంజీ గీసిన కోర్సు అది, 1932లో తెరిచారు. అంతటివాడి చేతి కోర్సులో సామాన్యుడు ఆడుకోగలగడం చిన్న విషయం కాదు, ఇందులో బాబాయ్‌ని ఆటపట్టించడానికేం లేదు. అక్కడి మడుగులో ఎర్రకాళ్ల కప్పలూ, అరుదైన శాన్ ఫ్రాన్సిస్కో గార్టర్ పాములూ ఉంటాయి. వాటి కోసం కోర్టు కేసులు కూడా నడిచాయి. బంతి అటు పోతే బాబాయ్ వెతకడు. పాముకి భయపడి కాదట, చట్టం మీద గౌరవమట. ఆ పాము మనిషినేమీ చెయ్యదని ఆయనకి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

పెబుల్ బీచ్ ఆడావా అని మాత్రం అడక్కండి. అక్కడ ఒక్క ఆటకి 600 డాలర్లు దాటిపోతుంది. “దాన్ని గీసిన ఇద్దరిలో ఒకడైన జాక్ నెవిలే పసిఫిక్ గ్రోవ్‌లో రెండో తొమ్మిది హోళ్లు గీశాడు, అదే సముద్రం, అదే గాలి” అని లెక్క చెబుతాడు. లెక్క సరైనదే. అది మునిసిపల్ కోర్సు, 1855 నాటి లైట్‌హౌస్ చుట్టూ సాగుతుంది. జింకలు ఫెయిర్‌వే మీదే మేస్తాయి. తన బంతిని ఓ జింక గ్రీన్ మీదికి తన్నిందని బాబాయ్ చెబుతాడు. ఆ రోజు తోడు ఆడిన ముగ్గురూ అప్పుడు పులిహోర తింటున్నారట, ఎవరూ చూడలేదట.

భోజనాలకి పిలిచేవాళ్లకి ఒక మనవి. ఈయన పక్కన ఇంకో గోల్ఫ్ ఆడేవాణ్ణి కూర్చోబెట్టకండి. ఇద్దరూ కలిస్తే తలా పద్దెనిమిది చొప్పున ముప్పయ్యారు హోళ్లూ అయ్యేదాకా లేవరు. పిల్లలకి ఆదివారం పొద్దున్నే కూచిపూడి క్లాసులుంటాయి.