గోకుడు పద్దు

మా పెద్దబావగారికి పథ్యం మీద బొత్తిగా నమ్మకం ఉండేది కాదు. వంకాయ తింటే ఒళ్లంతా దద్దుర్లెక్కుతోందని అక్క కొత్తకాపురంలో చెప్పుకుంటే ‘అంతా నీ భ్రమ’ అని తేల్చి, మర్నాడే సంచీ నిండా గుత్తివంకాయలు తెచ్చారు. అలాంటి మనిషి ఇవాళ విశాఖలో తన గేటు దగ్గర నిలబడి చుట్టాలను సోదా చేస్తున్నారు. "జేబులో బిస్కెట్లున్నాయా? పిల్లాడి చేతికేమిటది, కోవానా? కడుక్కుని రమ్మనవోయ్, టైగర్ నాకేస్తుంది."

టైగర్ పేరుకే టైగర్. మెత్తటి లాబ్రడార్. పెరుగన్నం, కోడికూర ముక్కలు తిని హాయిగా పెరిగింది. ఉన్నట్టుండి రాత్రిళ్లు పాదాలు నాక్కోవడం, చెవులు వాసనేయడం, గుమ్మంలో పట్టా మీద పొట్ట రుద్దుకోవడం మొదలైంది. గోమార్లు లేవు, తామర లేదు. తిండి పడకపోవడం కావచ్చన్నారు పశువుల డాక్టరుగారు. అదివరకు ముట్టని మాంసం ఒకటి, దుంప ఒకటి. ఎనిమిది వారాలు ఆ రెండే, ఇంకేదీ నోట్లో పడకూడదు. రెండు నిమిషాల్లో ఆయన చెప్పిన ముక్కను బావగారు పంచవర్ష ప్రణాళిక చేశారు.

ఎకౌంట్స్‌లో రిటైరైన మనిషి కదా, పొడుగు పుస్తకం తెరిచారు. తేదీ, వేళ, ఏ భాగం, ఏ కాలితో, సున్నా నుంచి పదిలో ఎంత. ‘ఉదయం 6.10, ఎడమ చెవి, వెనక కాలు, 4.’ కూతురికి టైఫాయిడ్ వచ్చినప్పుడు జ్వరం ఎంతుందో ఒక్కనాడూ చూడలేదని అక్క గొణుగుతుంది.

మాంసం అంటే చేప అని నిర్ణయమైంది. తెల్లారకముందే హార్బరుకు వెళ్లి వంజరం తెస్తారు. ఉప్పు, పసుపు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించి, కళ్లజోడు సవరించుకుని ముల్లు ముల్లూ ఏరి పెడతారు. కుక్కకు వంజరం, మాకు పొట్లకాయ. గోమార్ల మాత్రకు కూడా మాంసం రుచి అద్దుతారని తెలిసి మందులషాపులో ‘ఇందులో కోడి ఉందా?’ అని నిలదీస్తే, ఆ కుర్రాడు ఎదురుగా ఉన్న చికెన్ కొట్టు చూపించాడట.

పెళ్లిళ్లలో ఆయన పక్కన కూర్చోకండి. మీరు పెరుగు కలుపుకుంటూ ఉండగా, కుక్కల తిండి అలర్జీల్లో గొడ్డుమాంసం 34 శాతం, పాలపదార్థాలు 17, కోడి 15, గోధుమ 13 అని 2016 నాటి సమీక్ష ఒప్పజెబుతారు. నేను నవ్వుతాను గానీ, ప్యాకెట్ తిప్పి సన్నక్షరాలు చదివే జబ్బు నాకూ అంటుకుంది. మా ఇంట్లో కుక్క లేదు.

లాబ్రడార్‌కు నమలడానికి ఏదో ఒకటి ఉండాలి, లేకపోతే చెప్పులు దక్కవు. పచ్చితోలు చుట్టలు వద్దన్నారు: అది పశువు చర్మమే, పైగా ముక్క మింగితే పేగులో అడ్డుపడుతుంది. ఉడికిన ఎముక చీలి గుచ్చుకుంటుంది. హిమాలయాల గట్టి చీజు ఛుర్పీ దాకా వెళ్లి ‘ఇదీ పాలేగా’ అని తిరిగి పెట్టేశారు. గట్టి నైలాన్ బొమ్మ మీద బొటనవేలి గోరు నొక్కి చూశారు. గోరు దిగకపోతే పన్ను విరగొచ్చట. ఈ గోటి పరీక్ష కుక్కతో ఆగితే బాగుండేది. సంక్రాంతికి అక్క వండిన అరిసె మీద కూడా నొక్కి ‘దిగట్లేదే’ అన్నారు. ఆ పండక్కి ఆయనకు అరిసెలు లేవు.

చివరికి పథ్యంలో ఉన్న చిలగడదుంపనే చక్రాలుగా ఉడికించి మేడ మీద ఎండబెట్టి, గొడుగేసుకుని కాకుల్ని తోలారు. అక్క వడియాలకు ఏనాడూ ఆ కాపలా దొరకలేదు.

గోకుడు ఒకటికి దిగింది. ఇప్పుడు పాత కోడి మళ్లీ పెట్టి చూడండి, దురద తిరగబెడితేనే రుజువు అన్నారు డాక్టరుగారు. శత్రువుకు విషం పెడుతున్నట్టు వణుకుతూ పెట్టారు బావగారు. వారం తిరగకుండానే అర్ధరాత్రి నాకు ఫోను.

"గోకిందోయ్! రెండు చెవులూ! తొమ్మిది!"

కొడుక్కి ఉద్యోగం వచ్చినప్పుడు కూడా ఆ గొంతులో అంత సంబరం వినలేదు. వెనకనుంచి అక్క: "సంతోషం సరేలెండి, ముందు దాని సంగతి చూడండి."

"ఆగు, పద్దు రాసుకోనీ."