గుహ పోయాక లెక్కలెందుకు?

మా రోజుల్లో గబ్బిలాల గుంపు కనబడితే ముందు నోటుపుస్తకం తీసేవాళ్లం. ఏ ఊరు, ఏ తాలూకా, చెట్టా గుహా పాడుబడ్డ గుడా, సుమారు ఎన్ని, పిల్లతల్లులున్నాయా, నీళ్లెంత దూరం... అన్నీ రాయాల్సిందే. పక్క జిల్లాలో ఇదే పనిలో ఉన్నాయనకు కార్డు ముక్క రాస్తే తన లెక్కలన్నీ చేత్తో కాపీ చేసి పంపేవాడు. ‘అచ్చయ్యేదాకా ఆగండి’ అన్న మాట నేనెన్నడూ వినలేదు.

ఇప్పుడో? మన చెవికందని అరుపుల్ని రాత్రంతా పట్టే రికార్డర్లున్నాయి. ఫోను అక్షాంశ రేఖాంశాలు చెబుతుంది. ఏ జీవి ఎక్కడ కనబడిందో ఎవరైనా చూసుకోగలిగే అంతర్జాతీయ సమాచార భాండాగారం జీబిఫ్ (GBIF) 2001 నుంచీ ఉంది. ఇన్ని ఉండీ లెక్కలు ల్యాప్‌టాపుల్లోనే మూలుగుతున్నాయి. పరిశోధన పేపరు రావాలట, డిగ్రీ పట్టా చేతికి రావాలట. అందాకా గుహను తవ్వే క్వారీవాడు ఆగుతాడా?

1948లో తమిళనాడు హై వేవీ కొండల్లో హటన్ అనే దొర పట్టిన గబ్బిలం, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ సేకరణలో వేరే జాతి పేరుతో ఏళ్ల తరబడి ఉండిపోయింది. 1972లో థాయ్ జంతుశాస్త్రవేత్త తొంగ్‌లాంగ్యా అది కొత్త జాతి అని తేల్చి పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ పేరు పెట్టాడు. బయటి మనిషిని చూడనిచ్చారు కాబట్టే కదా తేలింది!

కోలారు ఆకుముక్కు గబ్బిలం సంగతి చూడండి. ఇప్పుడు దాని ఇల్లుగా మనకు తెలిసింది హనుమనహళ్లి గుహ ఒక్కటే. చుట్టూ గ్రానైటు తవ్వకాలు జరిగేవి. మన ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్లు వెళ్లి వెతికి, లెక్క తీసి, ఆ చోటు గురించి గట్టిగా చెప్పబట్టే తవ్వకాలు ఆపమని అడగడానికి ఆధారం దొరికింది. ఆ లెక్క ఎవరి బీరువాలోనో ఉంటే ఈపాటికి గుహే ఉండేది కాదు.

దాచకూడనిది దాస్తున్నారు సరే, దాచాల్సింది మాత్రం వీధిన పెడుతున్నారు. గుహ ఫొటోతో పాటు దారి మ్యాపూ పెట్టేస్తారు. ఆదివారానికల్లా టార్చిలైట్లతో జనం. పిల్లతల్లులు బెదిరి లేస్తే పొట్టకు కరుచుకున్న పిల్లలు రాలిపోతాయి. చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అరుదైన జాతుల చోటును జనానికి కొన్ని కిలోమీటర్ల మేర మసకగా చూపే పద్ధతిని జీబిఫే సూచిస్తోంది. అది వాడండి నాయనా. కచ్చితమైన చోటు మాత్రం అటవీ శాఖకూ గనుల శాఖకూ రాసివ్వండి, అదీ లీజు కాగితం మీద సంతకం పడకముందే.