నేను పచ్చరాతి ఆకుని

వేలి గోరంత ఉంటాను. 1920లలో పారిస్‌లో కార్టియే నగల సంస్థ వాళ్లు చేసిన ఒక బ్రేస్‌లెట్‌లో, కెంపుల మొగ్గలకూ నీలాల ఆకులకూ మధ్య పొదిగి ఉన్నాను. వెనకనున్న ముద్ర చూసి నన్ను ఫ్రెంచి నగ అంటారు. పట్టీ ఫ్రెంచిదే, కాదనను. నేను మాత్రం జైపూర్ పనితనాన్ని.

పుట్టింది దక్షిణ అమెరికాలో, కొలంబియాలోని మూసో గనిలో. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు ఆ గనుల్ని చేజిక్కించుకున్నాక, అక్కడి పచ్చలు సముద్రాలు దాటి, గోవా రేవు మీదుగా మొగలుల ఖజానాకు చేరేవి. మావాళ్లు వచ్చింది ఆ దారినే.

జైపూర్‌లో నన్ను చెక్కిన మనిషి పేరు ఎక్కడా రాసి లేదు. చేతులు మాత్రం నాకు బాగా గుర్తు. నేల మీద కూర్చుని, కమానుతో తిరిగే చిన్న చక్రానికి కురువిందపు పొడి పూసి, నన్ను దానికి ఆనించేవాడు. పచ్చ గట్టి రాయే గానీ పెళుసు. లోపల పుట్టుకతో వచ్చిన చారికలుంటాయి. ఒత్తిడి కాస్త ఎక్కువైతే రెండు ముక్కలే. అందుకే ముందు నన్ను వెలుతురుకు ఎదురుగా పట్టి, ఆ చారికలు ఎటు పోతున్నాయో చూసుకున్నాడు. పెద్ద చారిక ఉన్నచోటే ఆకు నడిమి ఈనె తీశాడు. దాన్నుంచి పక్క ఈనెలు చీల్చాడు. లోపం కనబడకుండా పోయింది, రాయి పెద్దగా అరగనూ లేదు. కోణాలు తీర్చి సానపట్టే పద్ధతిలో అయితే ఆ మచ్చ తీయడానికి నాలో చాలా భాగం పొడైపోయేది. రాయి తీరు తెలుసుకుని దానికి తగ్గ అందం ఇవ్వడం ఎంత గొప్ప విద్యో, దాని కింద బతికి బయటపడ్డ నాకు తెలుసు.

1911లో ఢిల్లీ దర్బారు సమయంలో కార్టియే సోదరుల్లో చిన్నవాడు జాక్ మన దేశం వచ్చాడు. మహారాజులతో పరిచయాలు పెంచుకుని, రత్నాల వర్తకులను వెతుక్కున్నాడు. అప్పటికే యూరప్‌కు మన నగల మీద మనసుంది. వైస్రాయి భార్య మేరీ కర్జన్ పంపిన భారతీయ దుస్తుల మీదికి హారం కావాలని అలెగ్జాండ్రా రాణి 1901లోనే కార్టియేను అడిగింది. మన రాజుల తలపాగాల మీది కలికితురాయి అక్కడి ఆడవాళ్ల సిగల్లోకి ఎక్కింది. తర్వాత 1936లో డెయిసీ ఫెలోస్ అనే సంపన్నురాలికి చేసిన ‘హిందూ హారం’ మెడ వెనక తాడుతో ముడివేసుకునేదే, అచ్చం మన పద్ధతి.

కుందనం పనిలో రాయి వెనక రేకు ఉంటుంది, చుట్టూ మేలిమి బంగారం ఒత్తుతారు. పారిస్‌లో మమ్మల్ని ప్లాటినంలో, వెనక భాగం తెరిచి పొదిగారు. నగలో పొదిగినా నా గుండా వెలుతురు సాగింది. ఆ మేలు నేను మరవలేను. ఈ రాకపోకలు రెండు వైపులా నడిచాయి. మేము అటు వెళ్తుంటే, మన రాజులు తమ రాళ్లను ప్లాటినంలో పొదిగించుకోవడానికి పారిస్‌కు పంపేవారు. పటియాలా మహారాజు భూపీందర్ సింగ్ కోసం 1928లో పూర్తిచేసిన హారంలో 2,930 వజ్రాలున్నాయి.

మా రంగురంగుల నగలకు ‘టుట్టి ఫ్రుట్టి’ అన్న పేరు చాలా తర్వాత స్థిరపడింది. ధర కూడా బాగా పెరిగింది. 2020లో అలాంటి బ్రేస్‌లెట్ ఒకటి వేలంలో 13 లక్షల డాలర్లు దాటింది.

ఒక్క మాట నన్ను బాధిస్తుంది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిన వజ్రాలను ప్రపంచం ఈనాటికీ గోల్కొండ వజ్రాలనే పిలుస్తుంది. ఆ రాళ్లకు మన నేల పేరు దక్కింది. చెక్కిన పచ్చలకు దుకాణం పేరే మిగిలింది. భారతీయ ప్రభావం అంటారు మమ్మల్ని చూసి. ప్రభావమంటే చూసి నేర్చుకున్నది. మేము అలా కాదు, మన చేతులు చేసి ఇచ్చిన వస్తువులం. లండన్‌లోనో పారిస్‌లోనో ఏ మ్యూజియంలోనైనా మాలాంటి నగ కనిపిస్తే, ఈ ఆకులు చెక్కింది ఏ ఊరివాళ్లని అక్కడివాళ్లను తప్పకుండా అడగండి.