కోయకూడని కొత్తిమీర

పత్రికల్లోనూ ఫోన్లలోనూ వచ్చే ఇంటి ఆకుల తోటల బొమ్మలన్నీ శ్రద్ధగా చూశాక నాకొకటి తేలింది. ఆ ఇళ్ళలో ఎవరూ వంట చెయ్యరు. ఆరు తెల్లటి కుండీలు, పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టు కుండీకొక మొక్క, పక్కన ముచ్చటైన బుల్లి కత్తెర. ఆ కత్తెర పుట్టి బుద్ధెరిగి ఒక్క ఆకు కోసిన దాఖలా లేదు. మా ఇంట్లో అయితే టమాటా చారుకే ఒక కుండీ ఖాళీ. ఆదివారం బిర్యానీకి రెండు కుండీలు. పుదీనా పచ్చడి అనుకున్నామా, తోట తోటంతా మిక్సీలో ఉంటుంది. గోంగూర సంగతి ఇక్కడ ఎత్తను. పచ్చడికి సరిపడా గోంగూర కావాలంటే పెంచాల్సింది బాల్కనీలో కాదు, పొలంలో.

ఈ లెక్క మా ఆయనకు తెలియదు. ఆయన ఆకు చూసేది కంచంలోనే, అదీ తీసి పక్కన పెట్టడానికి. అలాంటి మనిషి ఒక శనివారం పొద్దున కాఫీ తాగుతూ, మన బాల్కనీని అందమైన ఆకుల తోటగా తీర్చిదిద్దుతున్నానని ప్రకటించారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కదా, ముందు మట్టి కొనలేదు, ఎక్సెల్ షీటు తెరిచారు. మొక్క పేరు, ఎత్తు, ఆకు రంగు, ఎండ ఎన్ని గంటలు, నీళ్ళు ఎన్ని మిల్లీలీటర్లు, అన్నీ గళ్ళే. "వంటకు ఎంత కావాలి" అన్న గడి మాత్రం లేదు.

న్యాయంగా చెప్పాలంటే ఆయన పట్టుకున్న సూత్రం మంచిదే. వెనక ఎత్తు మొక్కలు, మధ్యలో గుబురువి, ముందు పొట్టివి, అంచున కిందికి జారేవి. అంటే గోడవారగా నిమ్మగడ్డి, దాని ముందు కరివేపాకు, ఆ ముందు కొత్తిమీర, మెంతికూర, రెయిలింగుకు వేలాడుతూ పుదీనా. కంటికి ఇంపుగా ఉంటుంది, పొట్టివాటికి ఎండా దక్కుతుంది. ఆకుల్లో తేడా కూడా చూసుకోవాలన్నారు. నిమ్మగడ్డి సన్నం, వాము ఆకు మందం, కొత్తిమీర నాజూకు. ఇంతవరకూ నేనూ తలూపాను.

అక్కడితో ఆగితే ఆయన ఆయనెందుకవుతారు? పర్మాకల్చర్ అనే సాగు పద్ధతికి ఆద్యుల్లో ఒకడైన బిల్ మాలిసన్ గురించి ఎక్కడో చదివారు. ఆ మాలిసన్ ఆస్ట్రేలియా మనిషి. పర్మాకల్చర్ వాళ్ళ అంతర్జాతీయ సమావేశం 2017లో మన హైదరాబాద్‌లోనే జరిగింది కూడా. ఆ పద్ధతిలో నత్తగుల్లలా చుట్టుకుంటూ పైకి లేచే మట్టి దిబ్బ ఒకటుంటుంది. పోసిన నీళ్ళు కిందికి దిగుతాయి కాబట్టి శిఖరం పొడిగా, అడుగు తేమగా ఉంటుంది. పొడి నేల కోరేవి పైన, తడి కోరేవి కింద నాటితే ఒకే దిబ్బ మీద రెండు రకాలూ బతుకుతాయి. చక్కటి ఆలోచన, ఒప్పుకుంటాను. కాకపోతే దిబ్బ అడ్డం అయిదడుగులు, మా బాల్కనీ వెడల్పు నాలుగు. తడిసిన మట్టి ఘనపు మీటరుకు టన్నున్నర పైమాటే తూగుతుంది. కింది ఫ్లాటాయన అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి. నత్త అక్కడితో గుల్లలోకి ముడుచుకుంది.

ఇంతలో అత్తయ్యగారు ఊరి నుంచి దిగారు. ఆవిడది కడియం పక్క పల్లె. దేశం నలుమూలలకూ లారీల్లో మొక్కలు పంపే నర్సరీల మధ్య పుట్టి పెరిగిన మనిషి. అలాంటావిడకు కొడుకు ల్యాప్‌టాప్ తెరిచి కరివేపాకు ఎలా నాటాలో చూపించాడు. తాతకు దగ్గులు నేర్పడమంటే అదే. ఆవిడ అంతా ఓపిగ్గా విని, "తులసి ఎక్కడరా అబ్బాయ్?" అన్నారు.

తులసి షీటులో లేదు. పూజ సంగతి వేరు, ఇది డిజైన్ అని ఆయన నచ్చజెప్పబోయారు. మర్నాటికి డిజైనుకు నట్టనడుమ తులసికోట వెలిసింది. దాని చుట్టూ ప్రదక్షిణకు దారి వదలాలి కాబట్టి మెంతికూర ఒక మూలకీ నిమ్మగడ్డి ముందువైపు మూలకీ జరిగాయి. అన్నింటికన్నా పొడుగు మొక్క ఇప్పుడు అన్నింటికన్నా ముందుంది. సూత్రం ప్రకారం తిరగబడ్డ తోట అది.

తరవాతి రగడ కుండీల మీద. మా ఆయన తెప్పించినవి తెల్లటి పింగాణీవి, ఒక్కోటి మా ఇంటి వారం కూరగాయల ఖర్చు. అత్తయ్యగారు ఒకదాన్ని తిరగేసి చూసి, "కన్నమేదీ?" అన్నారు. లేదు. నీళ్ళు కారి టైల్సు మీద మరక పడకుండా అలా చేస్తారట. "మొక్కకి నీళ్ళు పొయ్యడమే కాదు అబ్బాయ్, పోనివ్వడం కూడా తెలియాలి" అని, స్టోర్‌రూమ్‌లోంచి ఇరవై లీటర్ల ఖాళీ రంగు డబ్బా లాక్కొచ్చి, అడుగున కాల్చిన మేకుతో అయిదు చిల్లులు పొడిచారు. పెంకు ముక్కలు, ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి వేసి కరివేపాకు నాటారు. పింగాణీలో నాటిన దాని అన్నగారు నెల తిరక్కుండా వేళ్ళు కుళ్ళి పోయాడు. రంగు డబ్బాలోది మాత్రం, పక్కన కంపెనీ బొమ్మతో సహా, కళకళలాడుతోంది. దాన్ని ఫొటోల్లోంచి ఎలా తప్పించాలా అన్నది ఇప్పటికీ మా ఇంట్లో తేలని సమస్య.

నర్సరీ నుంచి రోజ్‌మేరీ, బేసిల్ కూడా వచ్చాయి. రోజ్‌మేరీ మధ్యధరా సముద్ర తీరపు మొక్క, వేళ్ళు తడిగా ఉంటే ఓర్చుకోదు. మన జూలై ముసురు, పైగా మా ఆయన షీటు ప్రకారం రోజూ పోసే నీళ్ళు. పాపం, ఆగస్టు చూడలేదు. బేసిల్ ఆకు నలిపి వాసన చూసిన అత్తయ్యగారు, "ఇది సబ్జా గింజల మొక్క కదుట్రా! రుద్రజడ! మా దొడ్డి కంచెలో దానంతటదే మొలిచేది. డబ్బిచ్చి కొన్నావా?" అన్నారు. ఆ సాయంత్రమంతా మా ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు.

కొత్తిమీరకు ఇంకో కథ. ధనియం ఒక్క గింజలా కనిపిస్తుంది గానీ లోపల రెండు గింజలుంటాయి. అత్తయ్యగారు గచ్చు మీద పోసి, కడిగిన చెప్పుతో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి చల్లారు. మెంతులు నాలుగు రోజుల్లో తలెత్తితే ఇవి పది రోజులు తీసుకున్నాయి. చలికాలమంతా బ్రహ్మాండంగా వచ్చింది. మార్చి దాటి ఎండ ముదిరేసరికి ఆకు సన్నబడి, కాడ సాగి, తెల్లటి పూలు పూసింది. మా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఫొటోలు తీశారు. తోట అంత అందంగా ఎప్పుడూ లేదు, చారులోకి ఆకూ అంత కరువుగా ఎప్పుడూ లేదు. రైతుబజారులో కట్ట కొనుక్కొచ్చి, ఆ పూల ముందు నుంచే వంటింట్లోకి నడిచాను.

కోయడం మీద కూడా పేచీయే. అందం పాడవుతుందని ఆయన కోయనివ్వరు. నిజానికి పుదీనా, బేసిల్, కరివేపాకు చివర్లు గిల్లితేనే పక్క నుంచి రెండేసి కొమ్మలు వేసి గుబురెక్కుతాయి. తులసికి వెన్నులు తుంచకపోతే ఆకు తగ్గి గింజకు పోతుంది. అత్తయ్యగారు పొద్దున్నే ఒక చుట్టు తిరిగి దొరికినవాటి తలలన్నీ తుంచి వచ్చేవారు. తోట ఇంత బాగా గుబురెక్కిందంటే అది తన ఎక్సెల్ చలవేనని మా ఆయన ఆఫీసులో చెప్పుకున్నారని వినికిడి.

ఆయన కోరుకున్న సీతాకోకచిలుకలు కూడా వచ్చాయి. నల్ల రెక్కల మీద తెల్ల చుక్కల వరస ఉన్న ఒకటి కరివేపాకు చుట్టూ చక్కర్లు కొట్టి వెళ్ళింది. వీడియో తీసి కుటుంబం గ్రూపులో పెట్టారు. వారానికి లేత ఆకుల మీద చిన్న చిన్న పిట్ట రెట్టలు కనబడ్డాయి. తుడవబోతే ఒక రెట్ట నడిచింది. పిట్టలు తినకుండా పురుగు చిన్నప్పుడు ఆ వేషంలో ఉంటుందట. మరికొన్నాళ్ళకు వేషం మార్చి, పచ్చగా చిటికెన వేలంత బలిసి, బుజం మీద దొంగ కళ్ళు దిద్దుకుంది. అగ్గిపుల్లతో కదిపాను. తల వెనక నుంచి తడి తడిగా ఎర్రటి కొమ్ములు రెండు బయటికొచ్చాయి, వాటితోపాటు పులిసిన కంపు. నేను అగ్గిపెట్టె కూడా వదిలేసి పరుగెత్తాను.

వేపనూనె కొడదామంటే మా ఆయన అడ్డం పడ్డారు, ప్రకృతి ప్రేమ పొంగి. ప్రకృతి నాలుగు రోజుల్లో ఆకంతా తిని ఈనెలు మిగిల్చింది. ఆ సాయంత్రమే ఎదురు ఫ్లాటావిడ గిన్నెతో వచ్చి, "పిన్నిగారూ, రెండు రెబ్బలు కరివేపాకు ఉంటే..." అన్నారు. లేదంటే నమ్మలేదు. ఇచ్చే మనసు లేదనుకుని వెళ్ళిపోయారు. ఒకప్పుడు కూరగాయల బండివాడు కొసరు కింద ఊరికే పడేసే కరివేపాకు కోసం మేము మట్టి, డబ్బు, నిద్ర, ఇరుగుపొరుగుతో మాటలు, అన్నీ పోగొట్టుకున్నాం.

మొన్న సంక్రాంతికి అపార్ట్‌మెంట్‌లో అందమైన బాల్కనీల పోటీ పెట్టారు. ముందు వరసలో వాము ఆకు దట్టంగా, నూగు మెరుస్తూ నిలబడింది. కొమ్మ గుచ్చితే చాలు బతికే మొక్క, ఎక్సెల్ జోక్యం లేకుండా పెరిగింది. వాము గింజలు వచ్చే మొక్క వేరు, ఇది వేరు, వాసన ఒకటే. న్యాయనిర్ణేతలు సాయంత్రం అయిదింటికి వస్తారన్నారు. నాలుగున్నరకు అత్తయ్యగారు, ఇంటికొచ్చే పెద్దమనుషులకు ఉత్త కాఫీ ఏం బావుంటుందని, ముందు వరస మొత్తం కోసి శనగపిండిలో ముంచారు.

వచ్చిన ముగ్గురూ బోడి కాడల వైపు ఒకసారి చూశారు. తరవాత బజ్జీల పళ్ళెం వైపు చూశారు. చాలాసేపు అటే చూశారు. రెండో వాయి కూడా అయ్యాక ఒకాయన మూతి తుడుచుకుని, రాయడానికి పెన్ను కావాలన్నారు. మాకు ప్రోత్సాహక బహుమతి వచ్చింది. రంగు కాగితం చుట్టిన ఒక రోజ్‌మేరీ మొక్క.

మా ఆయన దానికి షీటులో కొత్త వరస చేర్చే పనిలో ఉన్నారు. అత్తయ్యగారు కుండీని తిరగేసి చూసి, "అమ్మాయ్, స్టవ్వు మీద మేకు పెట్టు" అన్నారు.