మెట్లు దిగని డైటీషియన్‌కు కొన్ని సూచనలు

మోండా మార్కెట్ పక్క సందులో, గిన్నెల కొట్టు పైన గది అద్దెకు దొరికిందంటే సగం ప్రాక్టీసు పెట్టేసినట్టే. సికింద్రాబాద్ స్టేషన్ నడిచే దూరం. జనరల్ బజార్ బట్టల కొట్ల జనం, పాట్ మార్కెట్ బంగారం కొట్ల జనం, రైల్వే కుటుంబాలు, అందరూ ఈ దారినే పోతారు. ఒక బల్ల, మూడు కుర్చీలు, బరువు చూసే మిషను, గోడకు పళ్ళెం బొమ్మ చాలు. ఇక మిగిలింది ఒక్కటే నియమం, దాన్ని తప్పితే నాది పూచీ కాదు: పొద్దున తాళం తీశాక రాత్రి తాళం వేసేదాకా ఆ మెట్లు దిగకండి.

దిగితే ఏమవుతుందో చెప్తాను. మీ పుస్తకంలో ఆకుకూర 100 గ్రాములు. కింద అది కట్ట. చలికాలంలో తోటకూర కట్ట చెయ్యి నిండా వస్తుంది. ఎండలు ముదిరేసరికి కట్ట చిక్కిపోతుంది, ధర ఒళ్ళు చేస్తుంది. కాడలూ వేర్లూ తీసేశాక ఎంత మిగులుతుందో తూకం వేసి చూద్దామన్న దుర్బుద్ధి పుడుతుంది. పుట్టిందా, ఇక "రోజుకు 100 గ్రాముల ఆకుకూర" అని హాయిగా రాయలేరు. "డిసెంబర్‌లో ఒకటి, మే నెలలో రెండు" అని రాయాల్సి వస్తుంది. ఇంత చదువూ చదివి కట్టల లెక్క రాస్తే కన్నవాళ్ళకు ఏం ముఖం చూపిస్తారు?

చార్టు ఇంగ్లిషులోనే ఉండాలి. పేషెంటు తెలుగులో బాధ చెప్పుకుంటుంది, హిందీలో ఫీజు బేరమాడుతుంది, తమిళంలో కొడుకును కసురుతుంది. ఇది సికింద్రాబాద్ లష్కర్, ఇక్కడ అంతే. ఈ మూడూ కాని భాషలో రాసిస్తే ఎవరికీ అన్యాయం జరగదు. ఎనిమిదింటికి ఓట్స్, పదకొండింటికి అవకాడో, ఒంటిగంటకు కినోవా, నాలుగింటికి చియా గింజలు నానిన నీళ్ళు, రాత్రికి బ్రోకలీ సూప్. జామకాయ మాత్రం పొరపాటున కూడా రాయకండి. 100 గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగా సి విటమిన్ ఉన్నమాట నిజమే, నారింజలో అందులో సగం కూడా ఉండదు. కానీ అది మీ గుమ్మం కిందే తోపుడుబండి మీద ఉప్పూకారం చల్లించుకుని కూర్చుంది. రాగుల్లో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే మాత్రం ఏం లాభం? కింద దొరికేదే రాసిస్తే ఫీజు దేనికని అడగరూ?

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఇక్కణ్ణుంచి సిటీ బస్సులో వెళ్ళిరావచ్చు, అదే ప్రమాదం. 1918లో కూనూరులో మెకారిసన్ దొర బెరిబెరి జబ్బు కోసం ఒక్క గదిలో మొదలుపెట్టిన పరిశోధన అది. 1958లో మన ఊరికి మకాం మార్చింది, 1969 నుంచి ఈ పేరుతో నడుస్తోంది. అక్కడివాళ్ళకు మొదటి నుంచీ ఒక చెడ్డ అలవాటు: తినేవాణ్ణే అడుగుతారు. పెల్లాగ్రా అంటే మొక్కజొన్న తినేవాళ్ళ జబ్బని పుస్తకాల్లో శుభ్రంగా రాసి ఉంది. మరి మన దగ్గర జొన్నరొట్టె మీద బతికేవాళ్ళకు ఎందుకు వస్తోందని అక్కడి శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకంఠయ్య 1960 ప్రాంతంలో తలలు బద్దలు కొట్టుకున్నారు. పుస్తకంలో లేని జబ్బు రాకూడదని పేషెంట్లను గదిమి పంపేస్తే సరిపోయేది. ఆ సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో 528 పదార్థాల లెక్కలున్నాయి, ఈ దేశపు వంటిళ్ళలోకి వచ్చేవే. ఆ పుస్తకం తెచ్చి వెన్ను కనపడేలా షెల్ఫులో పెట్టండి. తెరవకండి.

అందరికీ 1200 కేలరీలు. గుర్తుపెట్టుకోవడం తేలిక, ప్రింటు తీయడం ఇంకా తేలిక. పాట్ మార్కెట్లో పొద్దంతా గద్దె దిగని సేఠ్‌కూ అదే కాగితం, తెల్లవారకముందే బోయిన్‌పల్లి నుంచి వచ్చే కూరగాయల బస్తాలు దింపే హమాలీకీ అదే కాగితం. 65 కిలోల మగమనిషి కూర్చుని పనిచేస్తే 2110, బరువుపని చేస్తే 3470 కేలరీలు కావాలని ఆ సంస్థవాళ్ళు 2020 నాటి ప్రమాణాల్లో రాశారు గానీ, రెండు రకాల కాగితాలు వేయించే స్తోమత మనకెక్కడిది? ఆ హమాలీకి షుగర్. డాక్టరు గ్లిమిపిరైడ్ రాశాడు. తెల్లవారుజామున నాలుగింటికి టీతో మాత్ర వేసుకుంటాడు. బస్తాలన్నీ దిగాక పదింటికి గానీ ముద్ద నోట్లోకి పోదు. ఈ మధ్యలో చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరిగితే మీ చార్టు బాగా పనిచేస్తోందన్నమాట. ఏ మాత్ర, ఎన్నింటికి, తిండి ఎప్పుడు అని ఆరా తీయకండి. మాత్ర డాక్టరుది, బస్తా మేస్త్రీది, మీది ఓట్స్ ఒక్కటే.

ప్రశ్నించే పద్ధతి కూడా ఒకటుంది. "నిన్న పొద్దున్నుంచి ఏమేం తిన్నారు?" అని అడగాలి, చెప్పింది రాసుకోవాలి, నమ్మాలి. రెండు ఇడ్లీలు, ఒక పుల్కా, కొంచెం అన్నం. తెలుగువాళ్ళెవరూ మూడో ఇడ్లీ తిన్న దాఖలా డైటీషియన్ల ఫైళ్ళలో ఎక్కడా కనపడదు. ప్రసాదం దేవుడి ఖాతా, ఉస్మానియా బిస్కెట్ చాయ్ ఖాతా, చాయ్ అసలు తిండే కాదు. నాలుగు చాయ్‌లు, చాయ్‌కి రెండు చెంచాల చక్కెర, చెంచాకు ఐదు గ్రాములు, మొత్తం 40 అని వేళ్ళు మడుస్తూ కూర్చోకండి.

కొందరు కొంటె డైటీషియన్లుంటారు. నిన్నటి సంగతి అడగరు, నెల కిరాణా చీటీ తెమ్మంటారు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లోని 2000 కేలరీల పళ్ళెంలో నూనె రోజుకు 27 గ్రాములు. ఆ లెక్కన నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు సరిపోవాలి. చీటీలో ఆరు ప్యాకెట్లుంటే మిగతాది ఎవరు తాగుతున్నట్టు? ఉప్పు కిలో ప్యాకెట్ ఒక్కటే కొన్నా తలకు రోజుకు ఎనిమిది గ్రాములు దాటుతుంది, ఐదు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొత్తుకుంటోంది. ఎండాకాలం మామిడికాయలు ముక్కలు కొట్టించుకుపోయి ఆవకాయ పెట్టుకున్న ఇల్లయితే జాడీలో పోసిన ఉప్పు అదనం. చీటీకి మొహమాటం లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తుంది. అలాంటిదాన్ని గదిలోకి రానిస్తే పేషెంటు మర్యాద ఏం కాను?

చీటీతో పాటు బయటే ఆపాల్సిన మనిషి ఇంకొకరున్నారు: వంట చేసే ఆవిడ. షుగరున్న మగమనిషి కుర్చీలో కూర్చుంటాడు, భార్య కూరగాయల సంచీతో తలుపు దగ్గర నిలబడుతుంది. "మీరు బయట కూర్చోండమ్మా" అనండి. పోపులో నూనె ఎంత పోయాలో, పొయ్యి ముఖం చూడని ఆయనకు అరగంట వివరించండి. ఆయన తలూపుతాడు. ఆ తలూపుడికే మీ ఫీజు.

ఇంట్లో ఒక్కరే ఉంటారనుకోండి. మన వృత్తికి ఇది పునాది. కొడుక్కి బీపీ, సోడియం తక్కువున్న ఉప్పు వాడమని రాస్తారు. మంచి సలహాయే, పుస్తకంలో ఉన్నదే. ఆ ప్యాకెట్ వంటింట్లోకి వెళ్ళి ఉప్పు డబ్బాలో పడుతుంది, డబ్బా నుంచి అందరి పప్పులోనూ పడుతుంది. సోడియం తగ్గించిన మేర అందులో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. అదే పప్పు తినే తల్లికి కిడ్నీలు అరకొరగా పనిచేస్తున్నాయి. పొటాషియం బయటికి పోయే దారి లేక రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఉప్పును సిఫారసు చేస్తూనే కిడ్నీ జబ్బున్నవాళ్ళను మినహాయించింది. అయితే మనకేం? ఆవిడ పేర ఫైలు లేదు, ఫీజు కట్టలేదు. ఆవిడ గురించి ఆలోచించడం మొదలుపెడితే, కొబ్బరినీళ్ళు చలవ చేస్తాయని రోజూ తాగిస్తున్నారా అని అడగాలి. కూరగాయలు సన్నగా తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోస్తే పొటాషియం కొంత తగ్గుతుందని చెప్పాలి. కొడుక్కేమో ఉడికిన నీళ్ళు పారబోయొద్దని అంతకుముందే చెప్పి ఉంటారు. ఒకే పొయ్యి మీద, ఉద్యోగానికి వెళ్ళే ఒకే కోడలు, పొద్దున ఎనిమిదిలోపు ఈ రెండు కూరలూ ఎలా వండాలో తేల్చాలి. ఇలాగైతే రోజుకు నలుగురిని కూడా చూడలేరు.

ఈ గండం ఎప్పుడూ ఒకే ఘడియలో వస్తుంది: పేషెంటు లేచి, చెప్పులు తొడుక్కుంటూ, "మేడమ్, ఇంకొక్క మాట" అన్నప్పుడు. కింద కూరలు కొని కరివేపాకు కొసరు వేయించుకునే అలవాటు, అదే మెట్లెక్కి వస్తుంది. "మా అమ్మకు డయాలసిస్ దాకా రాలేదు గానీ..." "నాకు మూడో నెల, ఇంట్లో ఇంకా చెప్పలేదు." "రాత్రిళ్ళు మందు తాగుతాను, అది రాశారా?" అరగంట కుర్చీలో నోరు పెగలని సంగతులన్నీ గుమ్మం దగ్గరే రాలతాయి. బెల్లు కొట్టి తర్వాతివాళ్ళను పిలవండి. కొసరు కూరగాయల వ్యాపారానికి చెల్లుతుంది గానీ వైద్యానికి చెల్లదు.

ఎవరైనా చెప్పినట్టు చేయకపోతే తిట్టండి. రక్తం తక్కువున్న అమ్మాయి మూడు నెలలుగా ఆకుకూర తింటున్నా హిమోగ్లోబిన్ కదల్లేదంటే అది ఆమె నిర్లక్ష్యమే. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదని, అదే కూర మీద నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుందని చెప్పడానికి నిమిషం కూడా పట్టదు, కానీ తిట్టిన తృప్తి అందులో రాదు.

ఆషాఢంలో జాగ్రత్త. ఉజ్జయిని మహంకాళి గుడి పక్కనే, జాతర రోజుల్లో మీ సందులో కాలు పెట్టే చోటుండదు. ముందు వారం వచ్చిన పేషెంటుకు బోనాల ఆదివారానికీ ఓట్సే రాయండి. ఒక్కపొద్దుండి, బోనం నెత్తిన పెట్టుకుని, గంటల తరబడి లైన్లో నిలబడే ఆ తల్లి ఇన్సులిన్ మీద ఉందా, ఆ రోజు డోసు సంగతి డాక్టరును ముందే అడిగిందా అన్నది పూర్తిగా భక్తికి సంబంధించిన విషయం. రంజాన్ ఉపవాసాలకూ ఇదే సూత్రం. సోమవారం భవిష్యవాణి చెప్పే రంగం అయ్యాక ఇంట్లో యాటకూర ఉంటుందని ఎవరైనా నోరు జారితే చెవులు మూసుకోండి. "నాలుగు ముక్కలు, షేర్వా తక్కువ, పక్కన గంగవాయిలి కూర పప్పు" అని బేరం కుదిర్చేవాళ్ళు డైటీషియన్లు కారు, పంచాయితీ పెద్దమనుషులు.

గాలి ఎటు వీస్తే బోర్డు అటు తిప్పండి. ఉప్పూ నూనే మాన్పించిన ఏళ్ళు గడిచాయి, కొబ్బరినూనె తాగించిన ఏళ్ళు వచ్చాయి, ఆపైన సిరిధాన్యాలు. 2023ను ఐక్యరాజ్య సమితి కూడా చిరుధాన్యాల సంవత్సరం చేసింది. ప్రతిసారీ మారింది ఈ ఇళ్ళవాళ్ళే, ప్రతిసారీ నిజాయితీగానే మారారు (ఇది మాత్రం వెటకారం కాదు). కాబట్టి అన్నం మానేసి కొర్రలు తినమనండి, ఎన్ని తినాలో మాత్రం చెప్పకండి. పీచు ఎక్కువే గానీ కేలరీలు బియ్యానికి దగ్గర్లోనే ఉంటాయని తెలిస్తే, మూడు గరిటెల అన్నం మానేసి ఐదు గరిటెల కొర్రన్నం తింటున్న మనిషి మనసు విరిగిపోతుంది.

డబ్బు సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. మూడు నెలల ప్యాకేజీ ముందే కట్టించుకోండి, ప్రోటీన్ పౌడర్ డబ్బా అంటగట్టండి, పేషెంటును పంపిన డాక్టరుకు కవరు అందించండి. శనగలు, పెసలు, కోడిగుడ్డు అన్న మాటలు గదిలో వినపడకూడదు.

రెండో విడతకు రాని పేషెంటుకు నయమైపోయిందని రాసుకోండి. ఎక్కడికి పోయాడని వెతక్కండి, నేనే చెప్తాను. మీ మెట్ల మొదట్లో గోనెసంచి పరుచుకుని కూర్చునే కూరగాయల అవ్వ దగ్గరికి. ఎవరి సంచిలో ఆలుగడ్డ మాయమై కాకరకాయ చేరిందో, ఎవరింట్లో బాలింత ఉందో, ఎవరు అరకిలో నుంచి పావుకిలోకు దిగారో ఆవిడకు తెలుసు. "నీకు షుగరుంది గద బిడ్డా, చామగడ్డ నీకెందుకు, గీ బీరకాయ తీస్కో. మీ అమ్మకు పాలకూర వద్దన్నడు గద డాక్టరు, సొరకాయ పట్కపో" అంటుంది, పైగా కొత్తిమీర కొసరు వేస్తుంది. ఊరుకోకండి. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో డైటీషియన్ వృత్తి కూడా ఉంది, రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీసు చేస్తోందని ఆవిడ మీద ఫిర్యాదు పెట్టండి. సాక్షులకు కరువు లేదు. మీ పాత పేషెంట్లంతా పొద్దున ఏడింటికి అక్కడే ఉంటారు.